ఉమ్మడి గోడ

మంటలు ఆరాక అడవి అంచున ఉన్న ఇళ్ళు చూసి తలుపులకు కాగితాలు అంటించడం నా ఉద్యోగం. పచ్చ కాగితమైతే ఉండొచ్చు. ఎర్రదైతే పొద్దుగూకేలోపు ఖాళీ చేసి శిబిరానికి పోవాలి. పూర్తిగా కాలిపోయిన ఇళ్ళతో నాకు పేచీ లేదు, బూడిద అబద్ధమాడదు. మనుషుల ప్రాణం తీసేవి నిలబడి ఉన్న ఇళ్ళే.

ఆ వీధికి వచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి, తుమ్మితే నల్లగా వస్తోంది. నిలిచింది ఒక్క ఇల్లే. అన్నదమ్ములవి రెండిళ్ళు, మధ్య ఒకే గోడ. అన్నగారిది నేలమట్టం. తమ్ముడిది ఎంత తెల్లగా ఉందంటే, చూడగానే ఒళ్ళు మండింది. నా ఉద్యోగంలో వాడకూడని మాటే, కానీ అంతకన్నా సరైనది దొరకలేదు.

మగవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని నీళ్ళ ట్యాంకరు దగ్గరికి వెళ్ళారట. ఇంట్లో తోటికోడళ్ళిద్దరే ఉన్నారు. చిన్నామె కుర్చీ తుడిచి వేసింది.

"కూర్చోండి మేడమ్. దేవుడి దయవల్ల మాకేం కాలేదు. అక్కావాళ్ళూ ఇక్కడే ఉంటున్నారు. శిబిరంలో కాలు చాపుకోడానికి చోటు లేదు, పైగా అక్క చిన్నదానికి ఒకటే దగ్గు."

ఆ అక్క గుమ్మం పక్కన బకెట్టు కడుగుతోంది. మోచేతుల దాకా సున్నం.

"గోడకి సున్నం ఎవరు కొట్టారు?" అన్నాను.

"నేనేనండి," అంది పెద్దామె. "మా ఇంటి మంటకి వాళ్ళ గోడ నల్లబడింది. తలదాచుకోమని చోటిస్తే, మసి అలాగే వదిలేసి కూర్చోడం బాగోదు కదా."

కూర్చోకుండానే సుత్తి తీశాను. ముందు వీధి వైపు గోడ మీద కొట్టాను. కంగుమంది. తరవాత ఉమ్మడి గోడ మీద. డొల్లగా మోగింది. ఇంకో చోట కొట్టాను, అక్కడా అంతే. గోటితో తడి సున్నం గీకితే లోపల సిమెంటు లేత గులాబీ రంగులో కనిపించింది. వేడికి సిమెంటు ఆ రంగు తిరిగిందంటే దానిలో సత్తువ పోయినట్టే. పైన పటారం, లోన లొటారం. ఆ గోడ పక్కనే వరసగా పిల్లల పక్కలు పరిచి ఉన్నాయి.

చిన్నామె నన్ను వంటింట్లోకి రమ్మంది. పచ్చ కాగితం వేయమని బతిమాలుతుందనుకున్నాను. రోజూ వినేదే, జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఆ చప్పుడు నేనూ విన్నాను," అంది గొంతు తగ్గించి. "ఎర్రదే వేయండి. కానీ గోడ అని మాత్రం రాయకండి. కరెంటు అనండి, పైకప్పు అనండి, ఏదో ఒకటి. వాళ్ళ ఇంటి వెనక వసారాలో ఆ గోడకి ఆనించి కట్టెలు పేర్చింది అక్కే. తన ఇల్లూ పోయి, మా ఇల్లు కూడా తనవల్లే పోయిందని తెలిస్తే తట్టుకోలేదు."

"కరెంటని రాస్తే రేపు కరెంటు మనిషి వస్తాడమ్మా. వైర్లు మార్చి, ఇక ఉండొచ్చు పొమ్మంటాడు. మీరు మళ్ళీ అదే గోడ పక్కన పిల్లల్ని పడుకోబెడతారు."

విసుగ్గానే అన్నాను. అలసిపోతే నా నోరు మంచిది కాదు. ఆమె పొయ్యి వైపు చూసింది.

"అయితే రాయండి," అంది.

'ఉమ్మడి గోడ కూలే ప్రమాదం' అని రాసి తలుపుకి అంటించాను. పెద్దామె వచ్చి, ఒక్కో అక్షరం కిందా వేలు పెట్టి చదివింది. ఏడుస్తుందనుకుని చూపు తిప్పుకున్నాను. ఆమె ఏడవలేదు.

"కట్టెలు అక్కడ పెట్టొద్దని చెప్పావు నువ్వు," అంది తోటికోడలితో. "అడవి పక్కన ఇల్లు, నిప్పు పడితే గోడ దాకా వస్తుందన్నావు."

"చెప్పాను," అంది చిన్నామె. "చెప్పినదాన్నే, పొయ్యిలోకి రోజూ ఆ కట్టెల్లోంచే లాక్కొచ్చుకునేదాన్ని. నీకు తెలియకుండా."

"నాకెందుకు తెలియదు?" అంది పెద్దామె. "నీ చేతికి అందుతాయనే కదా అక్కడ పేర్చేదాన్ని."

చిన్నామె గుమ్మంలోనే కూలబడింది. పెద్దామె చేతుల సున్నం చీరకి తుడుచుకుని లోపలికి వెళ్ళి, పిల్లల పక్కలు చుట్టడం మొదలుపెట్టింది.