తొంభై నాలుగు కిలోల బావ

ఇంధన సంస్థల ప్రాంతీయ సంఘానికి సొంత భవనమంటూ లేదు. ఒక బ్యాంకు పై అంతస్తులో రెండు గదులు, ముప్ఫై ఒక్క సభ్య సంస్థల ఫైళ్లు, పొద్దస్తమానం మోగే ఒక ఫోను, ఆ ఫోను ఎత్తడానికి ఒక కార్యదర్శి. సౌర ఫలకాలు బిగించేవాళ్లకు, బాయిలర్లు తయారుచేసేవాళ్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టేవాళ్లకు, గాలిమరలు బాగుచేసేవాళ్లకు ఏ చిక్కొచ్చినా ముందు మోగేది ఆ ఫోనే. కార్యదర్శికి యాభై దాటాయి. ఈ ఉద్యోగానికి ముందు ఇరవై ఏళ్లు ఒక విద్యుత్ కేంద్రం గిడ్డంగిలో సామాను అందించే పని చేసింది. ఏ బోల్టుకు ఏ నట్టు పడుతుందో చేత్తో పట్టుకుని చెప్పేయగలదు. మనుషుల విషయంలోనూ తనకు ఆ నేర్పు ఉందని ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం అప్పుడప్పుడు దెబ్బతిన్నా ఆమె దాన్ని వదులుకోలేదు.

ఆ నెల మొదట్లో భద్రతా శాఖ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, ఎత్తుల మీద పనిచేసే ప్రతి సంస్థలోనూ యజమానికీ, పైకెక్కే పనివాళ్లకు పెద్దగా ఉన్నవాడికీ రక్షణ పత్రం ఉండి తీరాలి. పైన పనిచేస్తున్న మనిషి కళ్లు తిరిగి బెల్టుకు వేలాడిపోతే, ఎక్కి వెళ్లి అతన్ని క్షేమంగా దింపడం వచ్చునని ఇచ్చే పత్రం అది. అది లేకపోతే ఆ సంస్థ మనుషులు నిచ్చెన మొదటి మెట్టు కూడా ఎక్కకూడదు.

సభ్యుల్లో తొమ్మిది సంస్థలకు ఆ పత్రం లేదు. కార్యదర్శి శిక్షణ కేంద్రానికి ఫోన్ చేసింది. రెండు నెలల దాకా ఖాళీ లేదన్నారు. బతిమాలింది. రెండు నెలలే అన్నారు. ఫోన్ పెట్టేసి కాసేపు తల పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి సభ్యుల జాబితా తిరగేసింది. శిక్షణ మనమే ఇచ్చుకుంటే? శాఖను అడిగితే సరేనన్నారు. ఎక్కి దిగడానికి ఒక టవరు, నేర్పడానికి లైసెన్సు ఉన్న శిక్షకుడు ఉంటే చాలు, పరీక్ష పెట్టడానికి మా మనిషిని పంపుతామన్నారు.

టవరూ సంఘంలోనే ఉంది, శిక్షకుడూ సంఘంలోనే ఉన్నాడు. అసలు తంటా అక్కడే వచ్చింది. టవరేమో బావది. లైసెన్సేమో బావమరిదిది.

వాళ్లిద్దరినీ సంఘంలో అందరూ అలాగే పిలుస్తారు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే బోర్డు కింద గాలిమరల మరమ్మతు వ్యాపారం. తన అక్క మొగుడు కాబట్టి చిన్నవాడు పెద్దవాణ్ణి నోరారా బావా బావా అని పిలిచేవాడు. వినీ వినీ మిగతావాళ్లకూ అదే అలవాటైంది. ఏడేళ్ల కిందట ఏదో మాటా మాటా వచ్చి విడిపోయారు. ఆ మాటేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. అప్పటినుంచీ సంఘం సమావేశాల్లో బల్లకు ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. "అటువైపు కిటికీ మూయించండి" అని ఒకరంటే, "అటువైపు వాళ్లకు ఉక్కపోత లేదేమో, మాకుంది" అని ఇంకొకరు. రెండూ కార్యదర్శి మొహం చూసే.

ఆమె ముందు బావకు ఫోన్ చేసింది.

"టవరు ఇవ్వడానికేం, నిక్షేపంగా వాడుకోండి. పాత గాలిమరది, రెక్కలు తీసేశాను గానీ నిచ్చెన గట్టిది" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "నేర్పేది ఎవరట?" అన్నాడు.

"లైసెన్సు ఉన్నది ఒక్కరికే కదండీ."

"నా యార్డులోకి ఎవరొచ్చినా కాదనను. నన్ను మాత్రం పలకరించమని చెప్పకండి."

బావమరిది ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. "పదిహేడు మందికీ నేర్పుతాను. అందులో ఆయనా ఉంటే ఉండనీండి. క్లాసులో అందరికీ కలిపి చెప్తాను, విడిగా ఎవరికీ చెప్పను."

ఇక మిగిలింది బావ భార్య, అంటే బావమరిదికి స్వయానా అక్క. ఆ సంస్థ ఆఫీసు పనంతా ఆమెదే. "నువ్వేం బెంగపడకు వదినా" అంది కార్యదర్శితో. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరికీ అలా అలవాటైంది, అంతే. "ఏడేళ్లుగా ఈయన మాటలు వాడికీ, వాడి మాటలు ఈయనకూ మోస్తున్నాను. దానికి లైసెన్సు ఇస్తే ఊళ్లో మొదటిది నాదే."

శిక్షణ నాలుగు రోజులు నడిచింది. తొమ్మిది సంస్థల నుంచి పదిహేడు మంది వచ్చారు. ఒక సంస్థలో యజమాని, పనివాడు రెండూ ఒకాయనే. బావమరిది మంచి మాస్టారని అందరూ ఒప్పుకున్నారు. తాడు ముడి చూపించేటప్పుడు ఒక్కొక్కరి వేళ్లూ పట్టుకుని దిద్దాడు. బావ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆకాశం వైపు చూస్తూ, "కొందరు ఈ ముడి తిరగేసి వేస్తున్నారు" అన్నాడు. బావ నేల చూస్తూ ముడి విప్పి సరిగ్గా వేసుకున్నాడు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం యార్డులో సామాను తూచే కాటా మీద అందర్నీ నిలబెట్టి కార్యదర్శి బరువులు రాసుకుంది. జంటలో ఒకరు పైన వేలాడాలి, ఇంకొకరు ఎక్కి దింపాలి, తర్వాత ఇద్దరూ చోట్లు మారాలి. ఇద్దరి బరువుకూ తేడా పది కిలోలు మించకూడదన్నది నియమం. ఉన్నది పదిహేడు మంది కాబట్టి ఒకరు మిగులుతారు. ఆ మిగిలినవారికి జోడీగా శిక్షకుడే వేలాడాలి.

బావ తొంభై నాలుగు కిలోలు తూగాడు. ట్రాన్స్‌ఫార్మర్ల యజమాని తొంభై. వాళ్లిద్దరికీ చక్కగా కుదురుతుంది. జాబితాలో అలా రాయబోయి కార్యదర్శి కలం ఆగింది. ట్రాన్స్‌ఫార్మర్ల ఆయనకు ఎనభై రెండు కిలోల సౌర ఫలకాలావిడ కూడా సరిపోతుంది. అప్పుడు బావ మిగులుతాడు. బావమరిది బరువెంతో చూసింది. ఎనభై ఎనిమిది.

రాసేసింది. ఇద్దరూ మొండికేస్తే? బావ పత్రం పోతే ఆయన సంస్థ ఒకటో తేదీ నుంచి మూతపడాల్సిందే. నాలుగుసార్లు కొట్టేద్దామని చూసి, కొట్టేయకుండానే కాపీ తీయించి, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

పరీక్ష పెట్టడానికి శాఖ నుంచి వచ్చిన అధికారి సన్నగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి. నవ్వడం ఉద్యోగ నియమాలకు విరుద్ధమన్నట్టుంది ఆమె వాలకం. చేతిలో గడియారం, ఇంకో చేతిలో నిబంధనల పుస్తకం. దింపేవాళ్లకు ఒక్కొక్కరికీ పది నిమిషాలు. పైన జరిగే మాటలన్నీ కింద అందరికీ వినపడేలా కార్యదర్శి దగ్గర వాకీటాకీ.

ఎనిమిది జంటలూ గట్టెక్కాయి. తొమ్మిదో జంట పేర్లు చదవగానే యార్డులో గుసగుసలు ఆగిపోయాయి. బావ కార్యదర్శి వైపు చూశాడు. ఆమె అప్పుడే ఎంతో ముఖ్యమైన పని గుర్తొచ్చినట్టు బ్యాగులో వెతకసాగింది. బావమరిది బెల్టు బిగించుకుని, టవరెక్కి, పద్దెనిమిది మీటర్ల ఎత్తున తాడుకు వేలాడుతూ కళ్లు మూసుకున్నాడు.

"ప్రారంభించండి. కిందికి దిగేదాకా బాధితుడితో మాట్లాడుతూనే ఉండాలి. అర నిమిషం మాట ఆగితే ఫెయిల్" అంది అధికారి.

బావ ఎక్కాడు. వయసుకు మించిన చురుకు ఆయనది. పై దాకా వెళ్లి, బావమరిదికి మూరెడు దూరంలో ఆగాడు. వాకీటాకీలో గాలి హోరు, ఆయన రొప్పు తప్ప ఇంకేమీ వినపడలేదు. కార్యదర్శి మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై రెండు, ఇరవై మూడు...

"మీరు... స్పృహలో ఉన్నారా?" అంది పైనుంచి బావ గొంతు.

"ఉన్నాను" అన్నాడు బావమరిది, కళ్లు తెరవకుండా.

"నేను మిమ్మల్ని దింపడానికి వచ్చాను. నా మీద నమ్మకం ఉంచండి." పుస్తకంలో ఉన్న మాటలే, కానీ ఆయన నోట్లో ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "ఎక్కడైనా నొప్పి ఉందా?"

"ఉంది."

"ఎప్పటినుంచి?"

"ఏడేళ్ల నుంచి."

కింద అధికారి గబగబా కాగితాలు తిప్పింది. "ఏడేళ్ల నుంచా? ఆరోగ్య పత్రంలో రాయలేదే" అంది. కార్యదర్శి ఆమె చెయ్యి పట్టుకుని, "అది ఆ రకం నొప్పి కాదండీ, తర్వాత చెప్తాను" అంది.

పైన బావ తన తాడు బావమరిది బెల్టుకు తగిలిస్తున్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. "ఆ రోజు గాలిమర గేరుపెట్టె పైకెత్తేటప్పుడు గాలి పెరుగుతోందన్నారు మీరు" అన్నాడు.

"ఆపుదామన్నాను."

"నేను ఆపలేదు."

"ఆపకపోతే పోయావు. పనివాళ్లందరి ముందూ నన్ను పిరికివాడన్నావు బావా."

మీరు పోయి నువ్వు వచ్చేసింది. కింద అందరూ అది గమనించారు. ట్రాన్స్‌ఫార్మర్ల ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అన్నాను" అన్నాడు బావ. "ఆ పెట్టె ఊగి టవరుకు కొట్టుకున్నప్పుడే తెలిసింది, నువ్వు చెప్పిందే సరైందని. ఇంకో అడుగు ఇటు ఊగితే కింద ముగ్గురు పోయేవాళ్లు."

"తెలిస్తే చెప్పచ్చుగా."

"చెప్దామని కిందికి దిగేసరికి నువ్వు కారెక్కి వెళ్లిపోయావు."

"ఏడేళ్లూ కార్లోనే ఉన్నానా?"

"తప్పు నాదేరా" అన్నాడు బావ. "చెప్పడానికి మొహం చెల్లలేదు. నువ్వు ఆ లైసెన్సు తెచ్చుకున్నావని విని ఎంత సంతోషించానో మీ అక్కనడుగు."

"అక్క చెప్పలేదే."

"చెప్పద్దన్నాను."

గడియారం ఏడు నిమిషాలు దాటింది. బావ చేతులు ఎప్పుడు ఆగిపోయాయో ఆయనకే తెలియలేదు. కార్యదర్శి గడియారం వైపు తొంగి చూసింది. ఇద్దరూ కలిసేదీ తనవల్లే, ఫెయిలయ్యేదీ తనవల్లేలా ఉంది. ఏం చేయాలో తోచక చూస్తుంటే, అక్క వచ్చి ఆమె చేతిలోంచి వాకీటాకీ లాక్కుంది.

"ఇదిగో, ఇద్దరూ వినండి. ఆ పాత బొగ్గంతా కిందికొచ్చాక తవ్వుకుందురుగానీ. మూడు నిమిషాలే ఉన్నాయి. ఏవండీ, ఆ కొక్కెం తియ్యండి. తమ్ముడూ, నువ్వు కాసేపు నోరు మూసుకుని వేలాడు."

"మాట ఆగకూడదక్కా" అన్నాడు తమ్ముడు.

"అయితే ఎక్కాలు చెప్పు."

బావమరిది నిజంగానే ఎక్కం మొదలుపెట్టాడు. పదమూడో ఎక్కం. బావ కొక్కెం తీసి, బరువు తన తాడు మీదికి తీసుకుని, మెల్లగా దించడం మొదలుపెట్టాడు. పదమూడు ఏళ్లు తొంభై ఒకటి అన్న చోట ఇద్దరూ సగం దూరం వచ్చారు. పదమూడు తొమ్ముల దగ్గర తమ్ముడు తడబడితే, "నూట పదిహేడు" అని బావే అందించాడు. నలుగురూ చేతులు చాచి పట్టుకునేసరికి గడియారంలో ఇంకా పదకొండు సెకన్లున్నాయి.

అధికారి కాగితం మీద ఏదో రాసుకుంది. "ముడులు బాగున్నాయి. దింపడం బాగుంది. మధ్యలో చేతులు ఆగినందుకు రెండు మార్కులు కోశాను." కలం మూత పెట్టుకుంటూ అంది, "మాట్లాడుతూ ఉండడానికి మాత్రం పదికి పది. ఇప్పటిదాకా ఎవరికీ వేయలేదు." అప్పుడు నవ్వింది. ఆమె నవ్వు అంత బాగుంటుందని ఎవరూ ఊహించలేదు.

బెల్టులు విప్పుకున్నాక బావ, బావమరిది పక్కపక్కనే పైపుల దొంతర మీద కూర్చున్నారు. కాసేపటికి బావమరిది, "నీ నిచ్చెన పన్నెండో మెట్టు వదులైంది, చూసుకున్నావా?" అన్నాడు. "చూశాను, రేపు బిగిస్తాను." "రేపెందుకు, స్పానరు ఇలా తే." లేచి ఇద్దరూ టవరు వైపు నడిచారు.

కార్యదర్శి పత్రాలు సర్దుకుంటుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. కార్యదర్శి ఉండబట్టలేక, "వదినా, నీకొక మాట చెప్పాలి. ఆ జంటలు..." అంది.

"తొంభై కిలోలాయన్ని ఎనభై రెండు కిలోలావిడకు అంటగట్టావు. నిన్న ఆ కాగితం మా ఆఫీసు మిషన్ మీదే కాపీ తీయించావు కదా."

"మరి ఏమీ అనలేదేం?"

"నువ్వు కొట్టేస్తావేమోనని భయపడి ఇంకో రెండు కాపీలు తీసి పెట్టుకున్నాను."

ఒకటో తేదీ పొద్దున తొమ్మిది సంస్థల మనుషులూ యథాప్రకారం పనుల్లోకి ఎక్కారు. పది గంటలకల్లా కార్యదర్శి పదిహేడు పత్రాల నకళ్లూ శాఖకు పంపించింది. మధ్యాహ్నం పక్క ప్రాంతపు సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, మా వాళ్లు ఇరవై ఆరు మంది ఉన్నారు, మీ దగ్గర నేర్పుతారా అని. ఆమె బావమరిదికి ఫోన్ చేస్తే, అతను బావ యార్డులోనే ఉన్నాడు.

"నేర్పుతాం" అన్నాడు. పక్కనుంచి బావ ఏదో అరుస్తున్నాడు. "వచ్చేవాళ్ల బరువులు ముందే పంపించమంటున్నాడు బావ. ఈసారి జంటలు తనే రాస్తాడట."