లోపల ఇంకా ఎంతసేపు?

"లోపల కాపురం పెట్టావా ఏంటి? నాకు ఆఫీసు టైమవుతోంది!" మా ఆయన బాత్రూం తలుపు బాదాడు. ఎప్పట్లాగే పని కాకుండానే లేచాను. ఉన్నది ఒకటే బాత్రూం. పొద్దున్నే ఆయన, తర్వాత మా అమ్మాయి, తర్వాత అత్తయ్య. మధ్యలో నేను దూరితే ఇదిగో ఇలాగే తలుపు మోగుతుంది. అందరిదీ అయ్యి నా వంతు వచ్చేసరికి నా కడుపు అలిగి కూర్చుంటుంది.

నడుం ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలకి బానిసనయ్యాను. ఆ అలవాటు వదిలించడానికి నాలుక కింద పెట్టుకునే మందు ఇచ్చారు. దాని పుణ్యమా అని మనిషిలా బతుకుతున్నాను. కాకపోతే అది కడుపుని బిగించేస్తుంది. ఎవరితో చెప్పుకోను? "నీకు రోజూ ఏదో ఒక రోగమే" అంటుంది అత్తయ్య. "మానేస్తే పోలా ఆ దిక్కుమాలిన మందు?" అంటాడు ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ.

ఫ్యాక్టరీలో ఇంకా ఘోరం. మా కుట్టుమిషన్ల వరస మొత్తానికి ఒకటే చెక్కబిళ్ళ, సూపర్‌వైజర్ బల్ల మీద ఉంటుంది. అది అడిగి తీసుకుంటేనే బాత్రూంకి వెళ్ళాలి. "మళ్ళీనా? కుట్టడానికొచ్చావా, తిరగడానికొచ్చావా?" అంటాడు అందరి ముందూ. ఆ మాట పడలేక మేమంతా నీళ్ళు తాగడమే మానేశాం. మా తెలివి అలా తెల్లారింది.

మొన్న కడుపునొప్పి భరించలేక, ఎవరికీ చెప్పకుండా నాలుక కింది మందు ఆపేశాను. కడుపు కదిలింది. హమ్మయ్య అనుకున్నాను. మర్నాటికి చెమటలు, ఒళ్ళంతా పీకడం. అత్తయ్య గదిలో దుప్పట్లు మడతపెడుతుంటే ఆవిడ తుంటి ఆపరేషన్‌కిచ్చిన నొప్పి మాత్రల డబ్బా కనబడింది. అంతే. చూసుకునేసరికి మాత్రల అట్ట నా చేతిలో ఉంది. ఎప్పుడు తీశానో నాకే తెలియదు. అట్ట డబ్బాలో పడేసి వంటింట్లోకి పరిగెత్తి, గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఈసారికి పెట్టేశాను. మరోసారి?

నిన్న ఆ మందిచ్చే క్లినిక్‌కి వెళ్ళాను. నర్సమ్మ కూడా మందు మానెయ్యమంటుందేమోనని భయపడ్డాను. చివరికి గొంతు తగ్గించి అంతా చెప్పేశాను. ఆవిడ మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"అయ్యో, ఈ మందుతో ఇది మామూలేనమ్మా. నేనే ముందు అడగాల్సింది. డాక్టరుగారితో విరేచనం సాఫీగా అవ్వడానికి వేరే మందు రాయిస్తాను. నీళ్ళు బాగా తాగు. నాలుక కింది మందు మాత్రం నీ అంతట నువ్వు మానకు, మళ్ళీ ఆ మాత్రల దగ్గరికే చేరతావు. అవునూ, వచ్చినప్పుడు వెళ్తున్నావా? ఆపుకుంటున్నావా?"

నాకు నవ్వొచ్చింది. వెనకే ఏడుపూ వచ్చింది.

ఇవాళ పొద్దున్న నాలుక కింద మందు పెట్టుకున్నాను. ఫ్యాక్టరీకి పెద్ద సీసాలో నీళ్ళు నింపుకున్నాను. కడుపులో కదిలినట్టనిపించగానే ఆయన కంటే ముందు వెళ్ళి గడియ పెట్టుకున్నాను. కాసేపటికే తలుపు దడదడలాడింది.

"నిన్నే! ముందు నన్ను వెళ్ళనీ!"

కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఎంత భయమో! ఆయనంటే కాదు. మొన్న నాకు తెలియకుండా ఆ అట్ట తీసిన ఈ చేతులంటే. వాటిని మోకాళ్ళ మీద గట్టిగా అదిమిపట్టాను.

"ఏమండీ, మొన్న మందు ఆపేస్తే అత్తయ్య నొప్పి మాత్రలు నా చేతిలోకొచ్చాయి. మింగలేదు. ఆ డబ్బా బీరువాలో పెట్టి తాళం మీ దగ్గరుంచుకోండి. నా మందు నేను మానను. ఇక్కణ్ణించి ఇప్పుడే లేవను కూడా."

తలుపు మీద చప్పుడు ఆగిపోయింది. పక్కగదిలో బీరువా తలుపు కిర్రుమంది. నేను కూర్చునే ఉన్నాను.