ఇంటి కాలికి మూడు దెబ్బలు

వరద తియ్యగానే మా పల్లం వీధిలో అందరూ చేసే పని ఒకటే. చీపురు పట్టుకుని గుట్టెక్కి, ఎవరింటి కాలికి వాళ్ళు చీపురుకర్రతో మూడు దెబ్బలు వేసి రావడం. క్వీన్స్‌లాండ్‌లో మా ఇళ్ళన్నీ ఎత్తైన కర్రకాళ్ళ మీద ఉంటాయి. నీళ్ళొస్తే అవే గుట్ట మీదికి నడిచిపోతాయి. కొట్టి చెబితే తెల్లారేసరికి దిగొస్తాయి. మా వీధిలో కోల్ ట్రాంటర్ ఇంటికి మాత్రం గుట్టెక్కడం చేతకాదు. దాని కాళ్ళు చెదలు తినేశాయి. పాపం, ఉన్నచోటే నిలబడి మునుగుతుంది.

పోయిన వరద తర్వాత నోరీన్ పాస్కో తన ఇంటిని కొట్టలేదు. ఆవిడ కౌన్సిల్ మెంబరు, పనులెక్కువ. "వచ్చే వారం కొడతాలే" అంది. గుట్ట మీద గాలి బాగుంది. పక్కింటి పళ్ళ డాక్టరు భార్య నిమ్మకాయలు పంపింది. ఇంకొన్నాళ్ళకి నోరీన్ ఇంటి కాళ్ళ చుట్టూ గులాబీలు నాటింది. అక్కణ్ణుంచి నది ఎండలో మెరుస్తూ ఎంతో ముద్దుగా కనిపిస్తుంది. బురద వాసన రాదు.

నోరీన్ చెడ్డ మనిషి కాదు. నది పొంగినప్పుడు నీళ్ళు వీధిలోకి ఎగదన్నకుండా మా వాగు నదిలో కలిసేచోట ఇనుప గేటు పెట్టాలని గొంతు చించుకున్నది ఆవిడే. గేటు లేకపోతే వచ్చే వరదకి కోల్ ఇల్లు పోతుంది, కోల్ ఊరు వదలాలి. కౌన్సిల్‌లో సగంమంది అటు, సగంమంది ఇటు. తేలాల్సింది నోరీన్ ఓటుతోనే.

మీటింగు ముందురోజు కోల్ గుమ్మడికాయ వేసి కాల్చిన స్కోన్లు, అంటే చిన్న బన్నుల్లాంటివి, పట్టుకుని గుట్టెక్కాడు.

"బూట్లు బయట విప్పు," అంది నోరీన్. ముప్ఫై ఏళ్ళ స్నేహంలో ఆ మాట అనడం అదే మొదలు.

"అబ్బో! రాణిగారి కోటకి వచ్చానా ఏంటి?"

"ఏడిశావ్‌లే, కూర్చో." టీ పోసింది. "ముందే చెప్తున్నా కోల్. రేపు నేను గేటుకి ఓటెయ్యట్లేదు."

"నా మెట్ల మీద నిలబడి గేటు కావాలని అరిచింది నువ్వేగా?"

"అప్పుడు తెలీలేదు. ఇక్కణ్ణుంచి చూస్తే ఊరంతా తెలుస్తుంది. ఒక్క వీధికి అంత ఖర్చా? మునుగుతుందని తెలిసీ అక్కడే ఉంటామంటే ఎవరేం చేస్తారు?"

"వేరేచోట అద్దె ఎవరు కడతారు నోరీన్? మీ పళ్ళ డాక్టరా?"

ఆవిడ గులాబీల వైపు చూసింది. కోల్ కోప్పడలేదు. నోరీన్ వాళ్ళాయన పోయినప్పుడు ఆవిడకి వండిపెట్టిన మనిషి, కోపం ఎలా వస్తుంది? తన బూట్లనుంచి రాలిన మట్టిని వరండాలోని చీపురుతో ఊడ్చి, మెట్లు దిగి, ఆ చీపురుకర్రతోనే ఇంటి కాలికి మూడు దెబ్బలు వేశాడు. కావాలనే వేశాడో, చేతి అలవాటో, నేను చెప్పలేను.

తెల్లారి నోరీన్ కిటికీ తీస్తే నది లేదు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో కోల్ వంటింటి గోడ, దాని మీద కిటికీ ఎత్తున పోయిన వరద వదిలిన బురద గీత. ఇల్లు దిగొచ్చి, తన పాత చోటు కూడా దాటి, కోల్ ఇంటికి భుజం ఆనించి నిలబడింది. గులాబీలు వేళ్ళతో సహా దాని కాళ్ళకి వేలాడుతున్నాయి. ఇప్పుడీ ఇల్లు కదిలితే కోల్ ఇల్లు కూలుతుంది.

ఎదుటి కిటికీలోంచి కోల్ తొంగిచూశాడు. "టీ పెట్టనా?"

"ఆ గీత ఇంత ఎత్తునుందేంటి?"

"ఎప్పుడూ అంతే ఎత్తు. ఎత్తెక్కింది నువ్వు."

నోరీన్‌కి సిగ్గేసింది. మెట్లు దిగితే చెప్పులు బురదలో కూరుకుపోయాయి. వాటితోనే కౌన్సిల్‌కి వెళ్ళి గేటుకి చెయ్యెత్తింది.

గేటు పెట్టాక మళ్ళీ వరద వచ్చింది. వీధిలో ఇళ్ళన్నీ అలవాటుకొద్దీ గుట్టెక్కాయి. నోరీన్ ఇల్లు మాత్రం కోల్ ఇంటిని ఆనుకుని అక్కడే నిలబడింది. నీళ్ళు గేటు దగ్గరే ఆగిపోయాయి.