తెల్ల ప్లాస్టిక్ స్క్రూ

మా తోడల్లుడు ముట్టుకున్న వస్తువంటే నాకు రోత. ఆయన లిఫ్టు మెకానిక్కు. చేతులెప్పుడూ గ్రీజుతోనే ఉంటాయి. ఆ చేతులతోనే కళ్లజోడు సవరించుకుంటాడు, ఆ చేతులతోనే బిస్కెట్టు అందిస్తాడు. నేను కట్టుడుపళ్లు తయారుచేసేవాణ్ణి. నా బల్ల మీద దుమ్ము కనబడితే నాకు ముద్ద దిగదు. మా మావగారికి ఇద్దరమే అల్లుళ్లం: ఆయన పెద్ద, నేను చిన్న.

ఆ ఆదివారం పొద్దున్న తోడల్లుడి మేడగదిలో, బొమ్మరైలు పట్టాలు పరిచిన బల్ల మీద, మావగారి ఇంజను పొట్ట విప్పుకుని పడుంది. జానెడు పొడవున్న నల్లటి ఆవిరి ఇంజను బొమ్మ. మావగారు తన పెళ్లికి ముందు కొనుక్కున్నది. ఆయనకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి మర్నాడే ఆపరేషను. చూపు మిగలచ్చు, మిగలకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఈలోగా తన ఇంజను దీపం వెలిగించుకుని మలుపు తిరగడం ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. ఇన్నేళ్లలో మమ్మల్ని నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఆయన పాత పట్టాలు ఇల్లు మారినప్పుడు ఎవరికో ఇచ్చేశారు. మా తోడల్లుడివేమో డిజిటల్ పట్టాలు. వాటిలో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఎంత వేగంగా పోవాలో ఇంజనులో ఉన్న చిప్పు మోటారుకి చెబుతుంది. పాత ఇంజనుకి ఆ చిప్పు ఉండదు, మనమే పెట్టాలి. తోడల్లుడు వారం నుంచీ ఆ పనిలో ఉండి, చివరికి నన్ను ఒకసారి చూసిపెట్టమన్నాడు.

చూశాను. ఉమ్మెయ్యాలనిపించింది. వైర్లకి చుట్టిన నల్ల టేపు అంచున వెంట్రుక అంటుకుని ఉంది. వైర్లు అతికిన సోల్డరు, ముక్కు చీదినట్టు, ముద్దలుగా ఉంది. చిప్పుని అతికించిన బంకలో వేలిముద్ర. చక్రాల సందుల్లో ఏనాటి నూనో గడ్డకట్టి చెవిలో గుమిలిలా పేరుకుంటే, దాన్ని తుడవాలని కూడా తోచలేదు మహానుభావుడికి. అన్నిటికంటే కంపరమెత్తించింది మోటారుని ఇనప చట్రానికి బిగించిన స్క్రూ. తెల్ల ప్లాస్టిక్‌ది. ఏ పిల్లల బొమ్మలోంచో పీకి పెట్టినట్టుంది.

మావగారిని తీసుకురావడానికి ఆయన కారులో వెళ్లాడు. నాకు గంటన్నర దొరికింది. టేపంతా పీకేశాను. వైర్లు మళ్లీ అతికాను, నూనె పుల్లతో గోకి తీశాను. ఆ తెల్ల స్క్రూని పట్టకారుతో బొద్దింకని తీసినట్టు తీసి పక్కన పడేసి, నా పెట్టెలోంచి మెరిసే ఉక్కు స్క్రూ బిగించాను. పని చేస్తే ఇలా చెయ్యాలి అనుకున్నాను.

వాళ్లొచ్చారు. మావగారు భూతద్దం పట్టుకుని కుర్చీ పట్టాల దగ్గరికి జరుపుకున్నారు. పక్కన మూరెడు పరీక్ష పట్టా ఉంది. అందులో కరెంటు సన్నగా వస్తుంది, లోపల తేడా ఉన్నా ఏమీ కాలదు. మార్చిన ఇంజను ఏదైనా ముందు దాని మీద పెట్టి చూడాలి. ఈ పిచ్చి ఉన్నవాళ్లెవరూ ఆ నియమం తప్పరు.

"ఒకసారి పరీక్ష పట్టా మీద పెడదాం తమ్ముడూ" అన్నాడు తోడల్లుడు.

"అది మీరు చేసిన పనికి కావాలి అన్నయ్యా, నేను చేసినదానికెందుకు?" అని తిన్నగా పెద్ద పట్టాల మీద పెట్టేశాను.

దీపం వెలిగింది. మావగారు చిన్నగా నవ్వారు. నేను మీట తిప్పాను. ఇంజను గింజుకుంది, టప్పుమంది, దీపం ఆరిపోయింది. మాడిన వాసన గదంతా కమ్మేసింది. చూస్తుండగానే ఇంజను ప్లాస్టిక్ పైకప్పు మైనంలా జారిపోయింది.

తోడల్లుడు కరెంటు ఆపి ఇంజనుని తిరగేశాడు. ఉక్కు స్క్రూ చూశాడు. బల్ల మీద పడున్న తెల్ల స్క్రూ చూశాడు. అప్పుడు వెలిగింది నాకు. మోటారు కరెంటు చట్రానికి తగలకూడదు, తగిలితే చిప్పు చస్తుంది. అందుకే వెతికి వెతికి కరెంటు పారని ప్లాస్టిక్‌ది పెట్టాడా మనిషి. లిఫ్టుల వైర్లతో బతికేవాడికి తెలిసింది, పళ్లు చెక్కేవాడికి తెలియలేదు. ఇంకో చిప్పు తెప్పించాలంటే పదిహేను రోజులు పడుతుంది.

"ఏమైంది?" అన్నారు మావగారు.

"తప్పు నాదే మావయ్యగారూ. మోటారు బిగించింది నేను" అన్నాడు తోడల్లుడు.

ఇందాకటి నుంచీ ఆయన బంకనీ టేపునీ చూసి పడ్డ అసహ్యమంతా నా నోట్లోకే వచ్చి చేరింది.

"అది చిన్నల్లుడి చేతికివ్వమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను, పెద్దల్లుడుగారూ. మీరు వింటేగా" అన్నారు మావగారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. తర్వాత తడుముకుంటూ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"మొదట్నుంచీ నువ్వే చేసుంటే ఈపాటికి నడిచేది కదా బాబూ?"

తోడల్లుడు వంగి పట్టాల మీద మసి తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"నడిచేది మావయ్యగారూ" అన్నాను.