మలుపులో ఆగిన కారు

క్రిస్మస్‌కు ముందురోజు మధ్యాహ్నం నిస్రీన్ డాబా మీద మంచు తోస్తోంది. ముందురోజు నుంచి తెరిపి లేకుండా కురుస్తూనే ఉంది. అలాగే వదిలేస్తే బరువుకి కప్పు బీటలు వారి గోడలన్నీ నానిపోతాయి. నిజానికి అది భర్త తన్నూస్ చేయాల్సిన పని. కానీ ఐన్ జర్రా ఊళ్ళో మంచు తీసే బుల్డోజరు నడిపేది అతనే. చలికాలం వచ్చిందంటే కొండ మీది రోడ్లన్నీ అతని చేతిలోనే ఉంటాయి. "నా కొడుకు ఊరికి కాపలాదారు, ఇంటికి చుట్టం" అని అత్తగారు మిలియా దెప్పుతూ ఉంటుంది.

మిలియా వంటింట్లో మెగ్లీ తిప్పుతోంది. బియ్యప్పిండి, చక్కెర, షాజీరా పొడి వేసి, చిక్కబడేదాకా గరిటె ఆపకుండా కలపాల్సిన పాయసం అది. ఆ కొండల్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా వండి పంచుతారు. క్రిస్మస్‌కు బాల యేసు పేరు చెప్పి అందరిళ్ళలోనూ వండుతారు. గరిటె ఆపితే అడుగంటుతుంది కాబట్టి పొయ్యి దగ్గర నుంచి ఆమె కదల్లేదు.

ఆరేళ్ళ రొమానోస్, నాలుగేళ్ళ తక్లా బట్టలుతికే టబ్బుకి తాడు కట్టి ముంగిట్లో ఒకరినొకరు లాక్కుంటున్నారు. "గేటు దాటారంటే తోలు తీస్తా" అని నిస్రీన్ పైనుంచి కేకేసింది. కాసేపటికి పిల్లల గొంతులు వినిపించలేదు. చలికి లోపలికి పోయి ఉంటారులే అనుకుని, మిగిలిన మూల కూడా తోసేసి కిందికి దిగింది.

ముందుగదిలో క్రిస్మస్ చెట్టు కింద పిల్లలిద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. గోధుమరంగు కాగితం నలిపి వాళ్ళ నాన్న కట్టిన యేసు పుట్టిన గుహ సగం కూలిపోయింది. గొర్రెల, కాపరుల బొమ్మలు పక్కకి దొర్లిపోయి ఉన్నాయి. అర్ధరాత్రి పూజ అయ్యాక బొమ్మ పెట్టేదాకా ఖాళీగా ఉండాల్సిన చోట దుప్పటి మూట ఒకటి ఉంది.

"ఏంట్రా అది?"

"బాల యేసు," అన్నాడు రొమానోస్, చాలా బుద్ధిమంతుడిలా.

"ఎవరి బొమ్మ ఎత్తుకొచ్చారు?"

"బొమ్మ కాదమ్మా," అంది తక్లా. "వెచ్చగా ఉంది, చూడు."

మూటలో ఒక నోరు కదిలింది. చిన్న నోరు, ఏడవబోయి ఏడుపు మర్చిపోయినట్టు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. నిస్రీన్‌కి తన చేతిలోని పార కింద పడ్డ చప్పుడు ఎక్కడో పక్కింట్లో విన్నట్టు వినబడింది. వంగి మూట తీసుకుంది. నాలుగైదు నెలల పసిబిడ్డ. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి, మెడ వాలిపోతోంది.

"ఎక్కడిది? రొమానోస్, నా వైపు చూడు. ఎక్కడ తెచ్చావు?"

తల్లి మొహం చూసి వాడికి భయం పట్టుకుంది. "కింద మలుపులో కారు ఉంది. అందులోంచి. మేం దొంగతనం చేయలేదమ్మా, అడిగాం. వాళ్ళమ్మ నిద్రపోతోంది, ఎంత పిలిచినా లేవలేదు. పాప ఏడుస్తోంటే గొంతు రావట్లేదు. అందుకని టబ్బులో పెట్టి లాక్కొచ్చాం."

"కారు ఇంజను ఆడుతోందా?"

"ఊఁ. లోపల వేడిగా ఉంది. ఆవిడ బుగ్గలు కూడా ఎర్రగా ఉన్నాయి."

ఎర్రగా అన్న మాట వినగానే నిస్రీన్‌కి అర్థమైంది. పోయిన ఏడాది పక్క లోయలో ఇద్దరు కుర్రాళ్ళు ఇలాగే హీటరు వేసుకుని కారులో కూర్చుండిపోతే, వాళ్ళను బయటికి తీసింది తన్నూసే. కారు పొగగొట్టం మంచులో పూడుకుపోయి పొగంతా లోపలికే వచ్చిందనీ, పోయాక కూడా బుగ్గలు గులాబీల్లా ఉన్నాయనీ చెప్పి, ఆ రోజు అన్నం ముట్టుకోలేదు.

ఆమె బిడ్డను వంటింట్లోకి తీసుకెళ్ళి అత్తగారి చేతుల్లో పెట్టింది. "పొయ్యి ఆర్పేసి కిటికీ తీయండి అత్తయ్యా. పిల్లకి గాలి తగలాలి. నిద్రపోనివ్వకండి."

"ఎవరి పిల్లే ఇది?"

"తెలీదు," అంటూనే నిస్రీన్ బయట పడింది.

గేటు నుంచి మలుపు దాకా దిగుడు దారి. మోకాళ్ళలోతు మంచులో పడుతూ లేస్తూ, తన్నూస్‌కి ఫోన్ చేస్తూనే పరిగెత్తింది. ఒకటే మాట చెప్పగలిగింది. "మలుపు దగ్గరికి రా, కారులో మనిషి ఉంది." అతను ఏదో అడుగుతుండగానే లైను తెగిపోయింది.

పాత తెల్ల కారు. మంచులో సగం మునిగి ఉంది, వెనక భాగమైతే పూర్తిగా కనిపించడం లేదు. పిల్లలు తెరిచిన వెనక తలుపు అలాగే వదిలేసి ఉంది. ఆ తలుపు అద్దం ఎప్పుడో పగిలినట్టుంది, దాని బదులు ప్లాస్టిక్ కాగితం అంటించారు. ఒక అంచు ఊడి గాలికి కొట్టుకుంటోంది. బిడ్డ బతికింది ఆ సందు వల్లేనని ఆస్పత్రిలో డాక్టరు తర్వాత చెప్పాడు.

ముందు తలుపు రాలేదు. నిస్రీన్ వెనకనుంచి దూరి, తాళం తిప్పి ఇంజను ఆపి, సీట్లో ఉన్న మనిషిని చంకల కింద చేతులు వేసి వెనక్కి ఈడ్చింది. ఇద్దరూ కలిసి మంచులో పడ్డారు. మనిషి తల నిస్రీన్ ఒళ్ళో వెల్లకిలా పడింది. ఉన్ని టోపీ జారి మొహం కనిపించింది.

హియామ్.

తన్నూస్ చెల్లెలు. నిస్రీన్ పెళ్ళినాడు ఆమె వెనక గౌను అంచు పట్టుకుని నడిచిన పిల్ల. నాలుగేళ్ళ క్రితం, కింద సముద్రతీరాన ఉన్న ట్రిపోలీకి చెందిన ముస్లిం కుర్రాడు బిలాల్‌ని మతాలు వేరైతే ఇక్కడ పెళ్ళి కుదరదు కాబట్టి సైప్రస్ వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చింది. ఆ సాయంత్రమే మిలియా కూతురి బట్టలన్నీ బాల్కనీలోంచి వీధిలోకి విసిరేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో హియామ్ పేరు ఎవరూ ఎత్తలేదు. మొన్న వేసవిలో, ఆడపిల్ల పుట్టిందట అని నిస్రీన్ నోరు జారితే మిలియా తింటున్న కంచం వదిలి లేచిపోయింది.

ఈ పిల్ల ఇక్కడెందుకు ఉంది, ఎప్పుడొచ్చింది, ఇంటికి ఇంత దగ్గర్లో ఎందుకు ఆగింది అని నిస్రీన్ తలలో ఆలోచనలు గిర్రున తిరిగాయే తప్ప చేతులు కదల్లేదు. ఆ తర్వాత పిచ్చిపట్టినట్టు చెంపలు వాయించింది, మొహానికి మంచు రుద్దింది. "లేవే. లేవవే హియామ్. నీ కూతురు పైన ఉందే."

బుల్డోజరు చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. తన్నూస్ దిగి వచ్చాడు. ఎవరా అని వంగి చూసి, అలాగే మంచులో కూలబడిపోయాడు.

"చచ్చిపోయిందా?" అన్నాడు, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి గురించి అడిగినట్టు.

"ఊపిరి ఉంది. పట్టుకో, తల పక్కకి తిప్పు."

హియామ్ వాంతి చేసుకుంది. కళ్ళు తెరిచింది గానీ ఎవరినీ పోల్చుకోలేదు. అన్న ఆమె టోపీని మళ్ళీ తలకి పెట్టబోయాడు. అది రెండుసార్లు జారిపోయింది.

పైఊరికి అంబులెన్సు రాలేనంది. పక్కింటి ఘత్తాస్ తన జీపు తీశాడు. తన్నూస్ బుల్డోజరుతో ముందు దారి చేస్తుంటే వెనక జీపు దిగాలని అనుకున్నారు. బిడ్డను కూడా డాక్టరుకి చూపించాలి. నిస్రీన్ పైకి పరిగెత్తింది.

మిలియా బాల్కనీ తలుపు బార్లా తీసి, బిడ్డను తన కోటులో చుట్టుకుని కూర్చుని ఉంది. బిడ్డ ఇప్పుడు గట్టిగా, ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది. మిలియా ఆ ఏడుపుకి సంతోషపడుతూనే తిట్లు మొదలెట్టింది.

"ఎవతే అది, రాతి గుండెది? ఇంత చలిలో పసిదాన్ని వేసుకుని రోడ్డున పడుతుందా? అడిగే దిక్కు లేదా దానికి? దీనికి తల్లీ తండ్రీ తప్ప ఒక నానమ్మా అమ్మమ్మా ఏడవలేదా?"

"అత్తయ్యా, పిల్లను ఇవ్వండి. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

"తల్లి బతికుందా?"

"ఉంది."

"ఎవరు?"

నిస్రీన్ దారంతా ఈ మాట ఎలా చెప్పాలా అని వెతుక్కుంటూనే వచ్చింది. తీరా నోరు తెరిస్తే ఉత్త పేరే వచ్చింది. "హియామ్."

మిలియా బిడ్డ మొహంలోకి చూసింది. నుదురు, కనుబొమలు, చిన్న గడ్డం ఒక్కొక్కటే వెతుకుతున్నట్టు చూసింది. ఆమె మొహంలో రక్తం ఎంత ఇంకిపోయిందంటే, పడిపోతుందేమోనని నిస్రీన్ భుజం పట్టుకోబోయింది. మిలియా ఆ చేతిని తోసేసింది.

"బండి ఎక్కడ ఉంది?" అంది.

"నేను తీసుకెళ్తాను, మీరు పిల్లల దగ్గర..."

"బండి ఎక్కడుందే?"

ఇంటి చెప్పులతోనే మంచులోకి దిగింది. పిల్లలిద్దరినీ ఘత్తాస్ భార్యకి అప్పగించి నిస్రీన్ వెనకాలే పరిగెత్తింది. జీపులో మిలియా కూతురి పక్కనే కూర్చుంది, కానీ దారి పొడవునా ఆమె వైపు తల తిప్పలేదు. మనవరాలి పాదాలను పిడికిట్లో పట్టుకుని అద్దంలోంచి మంచు చూస్తూ ఉంది.

ఆస్పత్రిలో ప్రాణవాయువు గొట్టం పెట్టాక, పొద్దుపోయే వేళకి హియామ్‌కి తెలివొచ్చింది. ముందు బిడ్డను అడిగింది. ఒళ్ళోకి ఇచ్చారు. పాప పేరు నూర్ అని ఆమె చెబితేగానీ ఎవరికీ తెలియదు. ఆ తర్వాత మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ తల్లిని చూసి, కొట్టబోతే ఒదిగినట్టు దిండులోకి ఒదిగింది.

"ఎప్పుడొచ్చావే?" అంది మిలియా. నాలుగేళ్ళ తర్వాత అదే మొదటి మాట.

"పొద్దున."

"పొద్దుటినుంచీ అక్కడే కూర్చున్నావా?"

"మన ఇంటి పొగగొట్టం కనబడుతోంది అక్కడికి," అంది హియామ్. మాట ముద్దగా వస్తోంది. "కాస్త ధైర్యం వచ్చాక వద్దామనుకున్నా. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూనే... నిద్రొచ్చేసిందమ్మా."

"హారన్ కొట్టకపోయావా?"

"కొడితే ఎవరొస్తారో తెలీదు కదా."

మంచం ఊచ పట్టుకున్న మిలియా వేళ్ళు తెల్లబడ్డాయి. కాసేపటికి కబురందుకుని బిలాల్ వచ్చాడు. బేకరీలో పనిచేస్తాడేమో, చొక్కా నిండా పిండి. భార్య స్నేహితురాలింటికి వెళ్ళిందనే అనుకుంటున్నాడట. ఎవరినీ పలకరించకుండా తిన్నగా వెళ్ళి భార్య చేతిలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. మిలియా అతన్ని చూసింది, పక్కకి జరిగి చోటిచ్చింది.

రాత్రంతా ఆస్పత్రి వరండాలోనే ఉండిపోయారు. హియామ్‌కి గండం గడిచిందనీ, తలనొప్పులు కొన్నాళ్ళుంటాయనీ డాక్టరు చెప్పాక, పండగనాటి పొద్దున అత్తాకోడళ్ళు జీపెక్కారు. మంచు ఆగి ఎండ కాసింది. ఆ వెలుగుకి కళ్ళు తెరవలేకపోతున్నారు. ఇంట్లో పిల్లలకి ఏం చెప్పాలో నిస్రీన్‌కి తోచలేదు. గేటు దాటినందుకు తిట్టాలా, ఒళ్ళో వేసుకోవాలా. వాళ్ళు దాటకుండా ఉంటే అన్న ఆలోచన మళ్ళీ మళ్ళీ వస్తోంది.

సగం దారిలో మిలియా అంది, "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. అది నేరుగా వచ్చి తలుపు కొట్టి ఉంటే నేను తీసేదాన్నా?"

నిస్రీన్ అత్తగారి మొహం చూసింది. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో తిరుగులేని మాట ఆమెదే. తీసేవారు అత్తయ్యా అనడం ఎంత తేలికో, అది అబద్ధం కావడానికీ అంతే వీలుందనిపించింది.

"తెలీదత్తయ్యా," అంది.

"నాకూ తెలీదే," అంది మిలియా. "రాత్రినుంచీ నాలో నేను అదే వెతుక్కుంటున్నా. నాకూ తెలీట్లేదు."