టైంపీసు మోగేదాకా

ఆ సంఘంలో గొలుసు ప్రార్థన అంటే ఒట్టి నోటిమాట కాదు, దానికో టైంపీసు ఉంది. నెత్తిన రెండు చిన్న ఇత్తడి గిన్నెలు బోర్లించినట్టుండే పాతకాలపు టైంపీసు. అది ఎవరింట్లో ఉంటే ఆ గంట వాళ్లది. తలుపు గడియపెట్టుకుని, మోకరించి, నాలుగ్గోడలకూ వినబడేలా ప్రార్థన చేయాలి. అది మోగాక గడియ తీసి, కీ తిప్పి, గొలుసులో తర్వాతి ఇంటికి స్వయంగా మోసుకెళ్లి అప్పగించాలి. మధ్యలో ఇల్లు అంటుకున్నా లేవకూడదని నియమం. ఇంతవరకూ ఎవరిల్లూ అంటుకోలేదు గనక నియమానికి ఢోకా లేకుండా పోయింది.

ఈ నియమాలు పెట్టినావిడను అందరూ టైంపీసు పెద్దమ్మ అంటారు. ఆవిడ మాటంటే పాస్టరుగారికి కూడా కొంచెం హడలే.

"అడగడం ఎవరికైనా వస్తుందమ్మా. ఆయన ఇచ్చేదాకా కనిపెట్టుకుని ఉండటం రావాలి" అంటుందావిడ. "సైతాను పెట్టే శోధన ఎప్పుడూ ఆఖర్లోనే వస్తుంది. అదీ మీకు బాగా తెలిసిన గొంతుతోనే వస్తుంది. లేచారో, అంతే సంగతులు. తెగేది మీ ఒక్కరి ప్రార్థన కాదు, గొలుసంతా తెగుతుంది."

ఈ మాటలను పొల్లుపోకుండా నమ్మిన మనిషి ఇస్త్రీ అక్క.

ఆమె లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తుంది. ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, ఆఖరున వెన్ను. ఏ చొక్కా అయినా ఆ వరస తప్పదు. కొత్తగా చేరిన పిల్లలు ఇస్త్రీ అవగానే బట్టను లాగేస్తారు, మడత కాస్తా జారిపోతుంది. "ఆవిరి పోనివ్వండే! అంత కొంపలు మునిగే పనులేమున్నాయి మీకు?" అని కసురుతుంది. ఆగడంలో తనను మించినవాళ్లు లేరని ఆమెకో నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచిందని ఇప్పుడే చెప్పేస్తే నా నోరు కాస్త ఊరుకుంటుంది.

తల్లి పోయేనాటికి తమ్ముడు నిక్కర్ల వయసువాడు. తల్లి మిగిల్చిందల్లా చేత్తో తిప్పే కుట్టుమిషను ఒక్కటే. అక్క పగలు లాండ్రీలో ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి ఆ మిషను మీద చిరుగులు కుట్టి వాణ్ణి సాకింది. పెళ్లి మాట ఎత్తినవాళ్లను, వాడు పెద్దవాడు కానివ్వండి అని వెనక్కి పంపేసింది. వాడు పెద్దవాడయ్యాడు. తాగుడు నేర్చుకున్నాడు. అర్ధరాత్రి వచ్చి, చెయ్యి లేపే ఓపిక లేక తలుపును కాలితో తన్నేవాడు. చివరికి ఒకరోజు ఆమె పని నుంచి వచ్చేసరికి కిటికీ కింద మిషను లేదు, దాని కింద ఉండే చెక్కబల్ల మాత్రం ఉంది.

ఇంట్లోనే నాలుగు తగిలించి ఏడ్చి ఉంటే సరిపోయేది. అక్క ఆ పని చేయలేదు. తిన్నగా వెళ్లి పాస్టరుగారి చెవిన వేసింది. ఆదివారం ఆరాధనలో ఆయన కళ్లు మూసుకుని, "మన ఇస్త్రీ అక్కగారి తమ్ముడు తాగుడు నుంచీ దొంగతనం నుంచీ విడుదల పొందాలని ప్రార్థిద్దాం" అన్నారు. తమ్ముడు వెనక బెంచీలోనే కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకోవాల్సినవాళ్లందరూ కళ్లు తెరిచి వెనక్కి తిరిగారు, మళ్లీ మూసుకుని గట్టిగా ఆమెన్ అన్నారు. ఆశీర్వాదం అయ్యేసరికి వాడు లేడు. ఇంటికొచ్చి చూస్తే, ఆమె ఇస్త్రీ చేసి పెట్టిన వాడి చొక్కాలు కూడా లేవు.

అది మొదలు ఆమె కనిపెట్టుకుని ఉంది, ఏళ్ల తరబడి. వాడు తిరిగి రావాలి, అంతే. ఇంకో కోరిక లేదు. బజారులో వాడి నడకలాంటి నడక కనబడితే చేతిలో సంచీ జారిపోయేది. గొలుసులో తన గంట ఒక్కసారి కూడా తప్పలేదు. జ్వరమొచ్చినా గోడకు ఆనుకుని మోకరించేది. క్రమంగా సంఘంలో ఓర్పు అనే మాట వస్తే చాలు, పెద్దమ్మ వేలు ఆమె వైపు తిరిగేది. "అదిగో, ఆవిణ్ణి చూసి నేర్చుకోండి" అనేది. ఆమె తలవంచుకునేది. బాధ నిజమే, కాదనను. కానీ ఆ పేరు కూడా తియ్యగానే ఉండేది.

ఆ సాయంత్రం టైంపీసు ఆమె ఇంట్లో ఉంది. కిటికీ మూసి, గడియ బిగించి, ఖాళీగా ఉన్న చెక్కబల్ల మీద దాన్ని పెట్టి మోకరించింది. కీచుమనే గొంతు మెల్లగా పెరిగింది.

"ప్రభువా, వాడు తాగుబోతు. నువ్వే మార్చాలి. వాడు అబద్ధాలకోరు. అమ్మ మిషను అమ్ముకుని తాగిన దొంగ. లాండ్రీవాళ్లు పనిలో పెట్టుకుంటే అక్కడా నా పరువు తీశాడు. పెళ్లిచూపులకు తీసుకెళ్తే పెళ్లికూతురి వాళ్ల ముందు తూలిపడ్డాడు. చిన్నప్పుడు పక్క తడిపితే నేను ఉతికాను, పెద్దయ్యాక వాంతులు చేసుకుంటే నేనే ఉతికాను..."

ఏదీ వదిలిపెట్టలేదు. దేవుడికి తెలియదేమో అన్నట్టు ఒక్కొక్కటే గుర్తుచేసుకుని మరీ చెప్పింది. తలుపు పలచటి చెక్కతో చేసింది. మాట మెట్ల దాకా వినబడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. నియమం ప్రకారం వినబడాలి కూడా.

గంట ముగియవస్తుండగా తలుపు కింది భాగంలో దబ్బుమని చప్పుడైంది.

ఆమె ఆగింది. మళ్లీ దబ్బుమంది. చేత్తో కొట్టే చప్పుడు కాదది, కాలితో తన్నే చప్పుడు. ఆమెకు బాగా పరిచయమున్న చప్పుడు.

"అక్కా."

ఒక మోకాలు దానంతటదే పైకి లేచింది. చూపు టైంపీసు మీద పడింది. ముల్లు ఇంకా కాస్త దూరంలో ఉంది.

"అక్కా, తలుపు తియ్యక్కా."

బాగా తెలిసిన గొంతుతోనే వస్తుందని పెద్దమ్మ చెప్పలేదూ? ఆఖర్లోనే వస్తుందని చెప్పలేదూ? ఒకవేళ నిజంగా వాడే అయితే? అయితే మళ్లీ తాగే వచ్చి ఉంటాడు, లేకపోతే తన్నుతాడా? తాగి రాలేదే అనుకుందాం. ఇన్నేళ్లు నేను ఆగాను, వాడు కాసేపు ఆగలేడా?

ఈ ఆఖరి మాట దగ్గర ఆమెకు మనసు కుదుటపడింది. లేచిన మోకాలిని తిరిగి నేలకు ఆనించింది. తలుపు వైపు తిరిగి, రెండు చేతులూ చాచి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"పో! నా గుమ్మం వదిలి పో! ఇంకెప్పుడూ ఈ ఇంటి ఛాయలకు రాకు!"

ఇక చప్పుడు లేదు. శోధన తొలగిపోయిందని ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. టైంపీసు గణగణమని మోగేదాకా స్తోత్రాలు చెల్లిస్తూనే ఉంది.

గడియ తీసి చూస్తే గుమ్మం ముందు ఎవరూ లేరు. రాతి మెట్టు మీద నూనె చుక్క ఒకటి మెరుస్తోంది. ఎవరో ఏదో ఒలకబోసి పోయారని విసుక్కుని, చెప్పుతో రాసేసి, టైంపీసు గుండెకు హత్తుకుని వీధిలోకి నడిచింది. తర్వాతి ఇల్లు బేకరీ వాళ్లది, ఎడమ చేతి వైపు. బస్టాపు కుడి చేతి వైపు.

బేకరీ వాళ్లింట్లో పెద్దమ్మ కూడా ఉంది. అక్క జరిగింది చెప్పింది. తన్నడం, పిలవడం, తాను చలించకపోవడం, అన్నీ. పెద్దమ్మ ఆమె తల నిమిరి, "నువ్వు గట్టిదానివే తల్లీ! నేనైతే లేచేదాన్నేమో" అంది. బేకరీ ఆవిడ టీ ఇచ్చింది. ఇంకోసారి చెప్పమన్నారు. ఇంకోసారి చెప్పింది. ఈసారి తన్నడం ఇంకాస్త గట్టిగా ఉంది.

ఇంటికొచ్చేసరికి మెట్ల మీద పైఇంటి పిన్నిగారు కూర్చుని ఉంది. ఆవిడకు ఏ సంఘమూ లేదు, ఎవరి మీదా గౌరవమూ లేదు. ఆవిడ పక్కన దుప్పటి కప్పిన మూట ఒకటుంది.

"అయిందా ఊరేగింపు?" అంది పిన్నిగారు.

"ఏమిటి పిన్నిగారూ ఇది?"

ఆవిడ దుప్పటి లాగింది. నల్లగా, మెడ దగ్గర రంగు పోయి, కొత్త నూనె కారుతూ, అమ్మ కుట్టుమిషను. తిప్పే చక్రానికి పిడి మాత్రం కొత్తది.

"మీ తమ్ముడు మోసుకొచ్చాడు. రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు పాపం. కింద పెడితే మళ్లీ లేపలేనని కాలితో తట్టాడు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను."

ఆమె ఆ కొత్త పిడిని ఒకసారి ముట్టుకుంది.

"తాగాడా?" అంది చివరికి. ఆ సమయంలో ఆమెకు దొరికిన ప్రశ్న అదొక్కటే.

పిన్నిగారు ఆమె మొహంలోకి చూసింది. "నీళ్లు తాగాడు, నేను దిగొచ్చి నోటికందిస్తే. నువ్వు లోపల ఏకరువు పెడుతున్నావు కదా, అంతా విన్నాడు. నాకు వినబుద్ధి కాక, ఎవర్నిరా అలా తిడుతోంది అన్నాను. తిట్టడం కాదండీ, నా కోసం ప్రార్థన చేస్తోంది అన్నాడు. నవ్వాడు కూడాను. తర్వాత నువ్వు పో అన్నావు చూడు, అప్పుడు మాత్రం నవ్వలేదు. దీన్ని మా ఇంట్లో పెట్టేసి బస్టాపు వైపు వెళ్లిపోయాడు."

"అది వాణ్ణి కాదు పిన్నిగారూ! నేను... అది శోధన అనుకుని..."

"వాడికేం తెలుసమ్మా? అక్కా అని పిలిచాడు, పో అన్నావు."

ఆమె బస్టాపుకు పరిగెత్తింది. జుట్టు ఊడిపోయింది, ఒక చెప్పు ఎక్కడో తెగి ఉండిపోయింది. బస్టాపులో వేరుశనక్కాయల తొక్కలు, చింపిన టికెట్లు తప్ప ఏమీ లేవు. పక్కనే బడ్డీ కొట్టువాడు, "ఇందాకటి బస్సు చాలా ఆలస్యమైందమ్మా. ఒకతను అలా వీధి వంకే చూస్తూ నిలబడ్డాడు, ఇప్పుడే ఎక్కాడు" అన్నాడు. అంటే ఆమె బేకరీ వాళ్లింట్లో రెండోసారి కథ చెబుతున్నంతసేపూ వాడు ఇక్కడే ఉన్నాడు.

తిరిగొచ్చి మెట్ల మీద కూలబడింది. "ఎక్కడుంటాడో అడగలేదా పిన్నిగారూ? అడ్రసేమైనా..."

"అడగనా మరి? అడిగాను." ఆవిడ చెప్పాలా వద్దా అని కాస్త తటపటాయించింది, చెప్పేసింది. "మా అక్కకు దేవుడితో రోజూ మాటలున్నాయి కదండీ, ఆయన్నే అడగమనండి అన్నాడు."

అప్పుడు ఏడ్చింది ఇస్త్రీ అక్క. స్తోత్రాలప్పుడు తిరిగే కళ్లనీళ్లు కావవి. మిషను మీద పడి, ముక్కూ మొహమూ ఏకమై, వీధిలోవాళ్లు ఆగి చూసేలా ఏడ్చింది. ఇస్త్రీ చేసిన చొక్కాలాంటి మనిషి నలిగి ముద్దయిపోయింది. పిన్నిగారు కూడా ఇక వెటకారం ఆడలేదు.

ఆదివారానికల్లా సంగతి సంఘమంతా పాకింది. పెద్దమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్లింది. "చూశారా? ఇన్నేళ్ల ప్రార్థన ఊరికే పోలేదు. దేవుడు ఆ పిల్లాణ్ణి గుమ్మం దాకా నడిపించాడు! పోయిన సొత్తుతో సహా! సాక్ష్యం చెప్పు తల్లీ."

ఇస్త్రీ అక్క బెంచీల వైపు చూసింది. ఆ రోజు వెనక్కి తిరిగిన తలలన్నీ ఇప్పుడు ముందుకు తిరిగి ఉన్నాయి.

"నేను అడిగింది దేవుడు ఇచ్చాడు" అంది. "నేను తలుపు తీయలేదు."

"ఆమెన్!" అన్నారు కొందరు అలవాటు కొద్దీ.

"ఆమెన్ కాదు" అంది ఆమె. "వినండి. నేను తలుపు తీయలేదు. ఇన్నేళ్లూ నేనే ఎదురుచూస్తున్నానని మురిసిపోయాను. తీరా ఆ దేవుడే వాడి గొంతుతో వచ్చి గుమ్మంలో నిలబడితే, గంట కాలేదు, ఆగమన్నాను. పొమ్మన్నాను."

టైంపీసు పెద్దమ్మ ఆమె భుజం తట్టి, "ఇదీ ఒక పరీక్షే. ఓర్పు పట్టు, మళ్లీ పంపిస్తాడు" అని చప్పట్లు మొదలుపెట్టింది. అందరూ అందుకున్నారు. వచ్చే వారానికి కూడా ఆమెకు అదే గంట రాశారు.

ఆమె ఆ చప్పట్ల మధ్య నుంచే నడుచుకుంటూ ఇంటికొచ్చింది. మిషను డ్రాయరులో అమ్మ స్క్రూడ్రైవరు అలాగే ఉంది. దాన్ని తీసుకుని తలుపు దగ్గర కూర్చుని గడియ ఊడదీయసాగింది. తుప్పు పట్టిన మరలు ఓ పట్టాన కదల్లేదు. చెయ్యి గీసుకుపోయింది. అయినా వదల్లేదు. ఆఖరి మర ఊడి గడియ ఖణేల్మని నేలమీద పడేసరికి పైఇంటి పిన్నిగారు దిగొచ్చింది.

"ఇదేం పిచ్చే? వచ్చే వారం టైంపీసు తెచ్చిపెడితే ఏం చేస్తావ్?"

"తలుపు తెరిచే చేసుకుంటాను. మెల్లగా. వాడికి సరిపడా అన్నం దొరకాలని, అంతే."

"నీ ప్రార్థన సంగతి నాకెందుకుగానీ, ఒంటరి ఆడదానివి. గడియ లేని ఇంట్లో పడుకుంటే దొంగ రాడూ?"

ఇస్త్రీ అక్క తలుపును ఒకసారి లోపలికి తోసి చూసింది. వేలితో తోసినా తెరుచుకుంటోంది. కాలితో తట్టినా తెరుచుకుంటుంది.

"వాడి కోసమే పిన్నిగారూ" అంది. "నేను వాణ్ణి ఆ పేరుతోనే కదా పిలిచాను."