వాకిట్లో ఇరుక్కున్న బండి

ఇలా దగ్గరికి జరగవే మనవరాలా, గట్టిగా చెప్పే సంగతి కాదిది. మీ పిన్ని కథ. అందులో నా తప్పూ ఉంది. నువ్వప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు.

మీ పిన్ని కళ్లజోళ్ల కొట్లో అద్దాలు అరగదీసేది. మా ఇంటికి కోడలిగా వచ్చిన తొమ్మిదేళ్లలో ఒక్క పూటైనా ఒంటరిగా కూర్చుని ఎరగదు. గడియ ఉన్న గది స్నానాలగది ఒక్కటే. అందులోకి వెళ్లినా ఎవరో ఒకరం తలుపు తట్టి ఉప్పు డబ్బా ఎక్కడని అడిగేవాళ్లం.

చెట్లు చిగురేసే రోజుల్లో ఒకనాడు అన్నది: "అత్తయ్యా, నా బండి మీద ఒక్కదాన్నే కొండకు వెళ్తాను. టెంటు వేసుకుని రెండు రాత్రులు ఉండి వచ్చేస్తాను."

ఏడాది పాటు సాకులు చెప్పాం. మళ్లీ చిగుళ్లు వచ్చేసరికి సాకులు అయిపోయి సరేనన్నాం.

సరే అన్నామే గాని, వదిలామా? ముందురోజు సాయంత్రం నడవలో నిలిపిన మోటారుసైకిలుకు మీ నాన్న రెండు గొడుగులు కట్టాడు. మీ అమ్మ మందుల పెట్టె, మీ బాబాయి పొయ్యి. నేను పెద్ద బొంతలో ఇత్తడి గిన్నె చుట్టి పక్కకు బిగించాను. చలికని పైకి చెప్పాను. ఆ బరువుకు విసిగి సగం దారిలో తిరిగొస్తుందని లోపల ఆశ.

తెల్లారాక తను ఎక్కి నెట్టింది. ముందు చక్రం గడప దాటింది. వెనక మూటలు ద్వారబంధంలో బిగుసుకున్నాయి. ఆ ఇంటికి ఒకటే వాకిలి. అందరం లోపలే, అడకత్తెరలో పోకచెక్కల్లా.

"నాకు పనికి టైమైపోతోందమ్మా," అన్నాడు మీ నాన్న.

"నాకు తొమ్మిదేళ్లుగా అవుతోంది, బావగారూ."

"వెనక్కి లాగు, అన్నీ విప్పి మళ్లీ సర్దుదాం. వచ్చే వారం వెళ్దువుగాని," అన్నాడు మీ బాబాయి.

"వెనక్కి లాగితే ఇక నేను వెళ్లను. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

కిటికీలోంచి పక్కింటావిడ తొంగిచూసింది. "ఏంటి పెద్దమ్మగారూ, ఇల్లు కట్టుకుని వెళ్తోందా మీ కోడలు?"



ఇరుక్కున్నది నా బొంతే. అది విప్పితే చాలని నాకు మొదటే తెలుసు. అయినా నోరు మెదపలేదు. గంట గడిచింది. గాలి ఆడక, బయటికి దారి లేక కిటికీ ఊచలకు మొహం ఆనించి నిలబడ్డాను. ఒక్క గంటకే నాకిలా ఉంది. బండి మీదున్న మీ పిన్ని వీపు చూశాను. ఎన్నాళ్లుగానో అలాగే కూర్చున్న మనిషిలా ఉంది.

వంటింటి కత్తి తెచ్చి తాడు కోశాను. గిన్నె మెట్ల మీద దొర్లింది. బండి బయటపడింది. ఎప్పుడొస్తావని అడగబోయి నోరు మూసుకున్నాను.

రెండు రాత్రులని వెళ్లి మూడు ఉండి వచ్చింది. ఎందుకని అడిగే మొహం మాలో ఎవరికుంది?

ఇది గుర్తుపెట్టుకో తల్లీ. నీ కూతురికి చెప్పు, నీకు కోడలొస్తే తనకీ చెప్పు. నన్ను మంచిదాన్ని చేసి మాత్రం చెప్పకు.